బ్యాటరీ అయిపోయాక మోగిన గిటార్

శ్రీనిధికి గిటార్ తప్ప వేరే బతుకుదెరువు లేదు. పొద్దున పూట గన్‌ఫౌండ్రీలో ఒక స్కూల్లో పిల్లలకు సంగీతం చెబుతుంది. సాయంత్రాలు చిరాగ్ అలీ లేన్‌లోని తమ ఇంటి ముందుగదిలో నలుగురైదుగురికి గిటార్ నేర్పుతుంది. శని, ఆదివారాలు ప్రసన్నకుమార్ ఆర్కెస్ట్రాలో వాయిస్తుంది. ఆమెకు ముప్పై ఆరేళ్లు. అందులో పదకొండేళ్లు ఈ ఆర్కెస్ట్రాతోనే గడిచాయి.

ప్రసన్నకుమార్‌కు అరవై దగ్గర పడుతున్నాయి. పాత సినిమా పాటల కార్యక్రమాలు చేయడంలో పేరున్న మనిషి. పాడతాడు, మధ్యమధ్య జోకులు వేస్తాడు, ముందు వరసలో కూర్చున్నవాళ్ల పేర్లు కనుక్కుని పాటలో కలిపేస్తాడు. ఆర్కెస్ట్రాల్లో ఆడపిల్ల గిటార్ పట్టుకుంటే ఇంకా వింతగా చూసే రోజుల్లో శ్రీనిధిని స్టేజి ఎక్కించింది ఆయనే. ఆమె ఆ సంగతి ఎప్పుడూ మర్చిపోలేదు. ఆయన ముందు కూర్చుని మాట్లాడడానికి కూడా చాలాకాలం మొహమాటపడేది.

గిటార్‌కు వైరు ఉండకూడదని ఆయనకు పోయినేడాది తోచింది. ఏదో పెళ్లి సంగీత్‌లో ముంబై నుంచి వచ్చిన బృందాన్ని చూశాడట. వాళ్ల గిటారిస్టు స్టేజి దిగి భోజనాల బల్లల మధ్య తిరుగుతూ, పెళ్లికూతురి కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని వాయించాడట.

"జనం ఇప్పుడు వినరమ్మా, చూస్తారు. నువ్వు ఆ నల్లతాడు కాళ్లకు చుట్టుకుని ఒక్కచోట నిలబడితే ఎవడు చూస్తాడు?" అన్నాడు.

వారం తిరక్కుండానే అబిడ్స్‌లో ఒక షాపు నుంచి వైర్‌లెస్ సెట్టు తెచ్చాడు. రెండు చిన్న డబ్బాలు. ఒకటి నడుముకు తగిలించుకుని, జానెడు తీగతో గిటార్‌కు కలపాలి. రెండోది సౌండు బల్ల దగ్గర ఉంటుంది. మొదటిది పంపింది రెండోది అందుకుని స్పీకర్లకు ఇస్తుంది. నడుముకు పెట్టుకునే డబ్బాలో రెండు సెల్స్ వేయాలి.

మొదటి కార్యక్రమమే అభాసుపాలైంది. నాంపల్లిలో ఒక ఆడిటోరియంలో ఏదో ఉద్యోగ సంఘం వార్షికోత్సవం. రెండో డబ్బాను హాలు చివర సౌండు బల్ల మీద పెట్టారు. మధ్యలో ఎనిమిది వందల మంది, వాళ్ల జేబుల్లో ఎనిమిది వందల ఫోన్లు. శ్రీనిధి సోలో మొదలుపెట్టిన పది సెకన్లకు గిటార్ చప్పుడు టప్ టప్ మని తెగింది. రెండు స్వరాలు వినపడ్డాయి, మూడోది పోయింది, మళ్లీ ఒకటి వచ్చింది. వెనక వరసల్లోంచి ఎవడో "మేడమ్, నెట్‌వర్క్ లేదు, బయటికొచ్చి మాట్లాడండి!" అని అరిచాడు. హాలంతా నవ్వింది. ప్రసన్నకుమార్ కూడా మైకులో నవ్వాడు గానీ, తెర పడ్డాక ఆమెతో మాట్లాడకుండానే కారెక్కి వెళ్లిపోయాడు.

ఆ అవమానం శ్రీనిధిని చాలా రోజులు తిననివ్వలేదు. పట్టుబట్టి ఆ డబ్బాల సంగతి అంతా నేర్చుకుంది. రెండో డబ్బా స్టేజి మీదే, కళ్లకు కనబడేంత దగ్గర్లో ఉండాలని తెలుసుకుంది. ప్రతి హాల్లో ఆ డబ్బాలకు ఏ రేడియో చానెల్ ఖాళీగా ఉందో ముందు వెతుక్కోవాలని, జనం నిండాక మళ్లీ ఒకసారి చూసుకోవాలని, సగం వాడిన సెల్స్‌తో ఎప్పుడూ స్టేజి ఎక్కకూడదని తెలుసుకుంది. అందరికన్నా గంట ముందు వచ్చి, గిటార్ వాయిస్తూ హాలంతా నడిచేది. ఎక్కడ అడుగేస్తే చప్పుడు సన్నబడుతుందో గుర్తుపెట్టుకునేది. ఆ గంటసేపూ సౌండు చూసే సాయన్న ఆమె వెంటే ఉండేవాడు.

సాయన్నది జనగామ వైపు పల్లె. ఇరవై ఏళ్ల క్రితం కూలి పనికి వచ్చి, షామియానా వాళ్ల దగ్గర స్పీకర్లు మోసి, క్రమంగా సొంత సామాను కొనుక్కున్నాడు. తక్కువ మాట్లాడతాడు. "మేడమ్, కొత్త సెల్స్ ఏసిన్రా?" అని ప్రతి షో ముందూ మర్చిపోకుండా అడిగేవాడు. తన గురించి ఇంత శ్రద్ధ పెట్టేవాడు ఒకడున్నాడని ఆమెకు సంతోషంగా ఉండేది.

రెండో కార్యక్రమం నుంచి ఇంకో మార్పు వచ్చింది. అందరూ చెవుల్లో వైరు లేని చిన్న స్పీకర్లు పెట్టుకోవాలన్నాడు ప్రసన్నకుమార్. ఎవరి వాద్యం వాళ్లకు చెవిలో గట్టిగా వినిపిస్తుంది, దానితోపాటు టిక్ టిక్ మని తాళం వినిపిస్తుంది. ఆ తాళానికే అందరూ వాయించాలి. తిలక్ రోడ్డులో మేడ మీద జరిగే రిహార్సల్స్‌ను కూడా రికార్డు చేయించాడు. "తప్పులు దిద్దుకోడానికి పనికొస్తుంది" అన్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ తర్వాత ఏడు నెలలు బాగా గడిచాయి. గిటార్ ఒక్కసారి కూడా తెగలేదు. శ్రీనిధి స్టేజి మెట్లు దిగి కుర్చీల మధ్య నడిచేది. పిల్లలు తీగలు ముట్టుకోడానికి చేతులు చాచేవారు. ముసలాయనెవరో లేచి నిలబడి దండం పెట్టేవాడు. ఆమెకు అది నచ్చింది. నచ్చలేదని తర్వాత ఎప్పుడూ అబద్ధం చెప్పుకోలేదు. పదేళ్లు స్టేజి మూల నిలబడ్డ మనిషికి జనం మధ్య వాయించడం గొప్పగానే ఉంటుంది. అదంతా తన జాగ్రత్త ఫలితమనే ఆమె నమ్మింది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాయంత్రం మళ్లీ నాంపల్లిలోనే కార్యక్రమం. ఆ రోజు వాళ్ల నాన్న భావనారాయణ కూడా వచ్చాడు. ఆయన టెలిఫోన్ శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఆయన తండ్రి పంతొమ్మిది వందల యాభై ఆరులో గుంటూరు నుంచి సచివాలయం ఉద్యోగంతో వస్తే, ఈయన ఇక్కడే పుట్టి పెరిగాడు. మోకాళ్ల నొప్పుల వల్ల ఇంటి మెట్లు దిగడం దాదాపు మానేశాడు. కూతురు తీగ లేకుండా జనం మధ్య తిరిగి వాయిస్తోందని ఎవరో చెబితే చూడాలనిపించి, ఆటోలో వచ్చి మూడో వరసలో కూర్చున్నాడు.

నాన్నను ఆటోలోంచి దింపి, కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి వచ్చేసరికి శ్రీనిధికి ఆలస్యమైంది. ఇంటి దగ్గర కొత్త సెల్స్ మర్చిపోయింది. హాలు ఎదురుగా ఫుట్‌పాత్ మీద దొరికినవి కొని వేసుకుంది.

నాలుగో పాట ఆమె పాట. పాత విషాదగీతం. రెండో చరణం ముందు గిటార్ ఒక్కటే నిమిషం పైగా మోగుతుంది. ఆమె మెట్లు దిగి నడవడం మొదలుపెట్టింది. సరిగ్గా నాన్న వరస దాకా వచ్చేసరికి చెవిలో గిటార్ ఆగిపోయింది. టిక్ టిక్ మనే తాళం ఒక్కటే వినపడుతోంది. కిందికి చూస్తే నడుము దగ్గర డబ్బా మీద పచ్చలైటు లేదు. సెల్స్ చచ్చిపోయాయి.

ఉద్యోగ సంఘం వాళ్ల నవ్వు మళ్లీ వినబడబోతోందనుకుంది. హాల్లో ఎంత నిశ్శబ్దంగా ఉందో తెలుసుకోడానికి చెవిలోది పీకేసింది.

హాల్లో గిటార్ మోగుతోంది.

ఆమె చేయి తీగల మీద ఆగిపోయి ఉంది. అయినా సోలో సాగుతోంది. తను వాయించేదే, తన పద్ధతిలోనే, ఎక్కడ సాగదీస్తుందో అక్కడ సాగి, ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో అక్కడ ఆగి. పక్క కుర్చీలో ఆవిడ కళ్లు మూసుకుని తలాడిస్తోంది. నాన్న కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. శ్రీనిధికి ఏం చేయాలో తెలియలేదు. తెలియక, చేతిని మళ్లీ తీగల మీద కదిలించింది. చప్పుడు లేని గిటార్‌ను వాయిస్తున్నట్టు నటించింది. సోలో అయిపోగానే చప్పట్లు మోగాయి. ఆమె తలవంచి నమస్కారం చేసింది.

కార్యక్రమం అయ్యాక నాన్న ఆమె చేయి పట్టుకున్నాడు.

"నిధీ, రెండో చరణం ముందు ఒక స్వరం అలా లాగి వదిలావు చూడు, మీ అమ్మ ఉంటే ఏడ్చేసేది. ఇంత బాగా నువ్వు ఎప్పుడూ వాయించలేదమ్మా."

ఆమె ఆ చేతిని లాక్కుని వాష్‌రూమ్‌కు పరిగెత్తింది. కడుపులో ఉన్నదంతా వచ్చేసింది. మొహం కడుక్కుని అద్దంలో చూసుకుంటే, నుదుటి మీద బొట్టు కారి ముక్కు దాకా వచ్చి ఉంది.

మర్నాడు స్కూలు అయిపోగానే సాయన్న దగ్గరికి వెళ్లింది. నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఆయన సామాను గది. ఒకదాని మీద ఒకటి పేర్చిన స్పీకర్ల మధ్య కూర్చుని వైర్లు చుడుతున్నాడు. ఆమెను చూడగానే విషయం అర్థమైనట్టుంది. లేచి కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు.

"నిన్న నా సెల్స్ అయిపోయాయి సాయన్నా. అయినా గిటార్ ఎట్లా మోగింది?"

సాయన్న చేతిలోని వైరు చుట్టడం ఆపలేదు. "లాప్‌టాప్ లకెల్లి మేడమ్."

"ఎప్పటినుంచి?"

"గా ఉద్యోగ సంఘం ప్రోగ్రాం ఉండె సూడు, గప్పుడు మస్తు ఇజ్జత్ పోయిందని సార్ బాధపడ్డడు. నెక్స్ట్ నుంచి రిహార్సల్ల రికార్డు చేసింది ఇడువు, మేడమ్ గిటార్ బయటికి బంద్ వెట్టు, ఆమె చెవులకు మాత్రం ఇయ్యి అన్నడు. ఆమెకు చెప్పకు, మనసు నొప్పించుకుంటది అన్నడు."

"ఒక్కటి కూడా నేను వాయించింది జనానికి వినబడలేదా?"

"లేదు మేడమ్."

"గంట ముందు వచ్చి హాలంతా తిరిగేదాన్ని. చానెల్ వెతికేదాన్ని. నువ్వు నా వెనకే ఉండి చూసేవాడివి."

"ఔ."

"కొత్త సెల్స్ వేసుకున్నావా అని నువ్వే గుర్తుచేసేవాడివి కదా సాయన్నా!"

ఆయన తల దించుకున్నాడు. "సెల్స్ అయిపోతే మీకు ఎర్కయితది గద మేడమ్. గందుకనే."

శ్రీనిధి అక్కడే ఒక స్పీకర్ మీద చేయి ఆన్చి నిలబడింది. ఆ మాట విన్నాక, ఏడు నెలలు ఆ మనిషి చూపిన శ్రద్ధంతా ఒంటి మీద పాకినట్టనిపించింది. సాయన్న మళ్లీ అన్నాడు, "నేను తప్పు చేసిన. నా సామాను ఆయన ప్రోగ్రాంల మీదనే నడుస్తది. ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నరు. ఏమంటవో అను మేడమ్, వడ్త." ఆమె వెనక్కి తిరిగి సందులోకి నడిచింది.

ఇంటికి వచ్చి నాన్నకు చెప్పింది. చెబితే ఆయన కోపగిస్తాడని, తన బదులు తిడతాడని ఆశపడింది. ఆయన అడిగింది వేరు.

"అయితే నిన్న నేను విన్నది నువ్వు వాయించింది కాదా?"

"నేనే వాయించాను నాన్నా. ఎప్పుడో రిహార్సల్లో."

"మరి నువ్వే కదమ్మా."

"నిన్న నేను చేతులు ఊపాను, అంతే."

"నాకు మాత్రం బాగుంది" అన్నాడాయన, తప్పు చేసినవాడిలా. ఆయనకు అర్థం కాక కాదు. నిన్నటి ఆనందాన్ని వెనక్కి ఇచ్చేయమంటే ఇవ్వలేకపోతున్నాడు. అది చూసి శ్రీనిధి లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ప్రసన్నకుమార్ మంగళవారం మధ్యాహ్నం అబిడ్స్‌లో ఒక ఇరానీ హోటల్‌కు రమ్మన్నాడు. ఆమె వెళ్లేసరికి ఉస్మానియా బిస్కెట్లు చాయ్‌లో ముంచుకుని తింటున్నాడు. సాయన్న ముందే ఫోను చేసి చెప్పినట్టున్నాడు. ఆయన మొహంలో కంగారేమీ లేదు.

"కూర్చోమ్మా. చాయ్ చెప్పనా?"

"నా గిటార్ ఎందుకు మూసేశారు సార్?"

"మూసేశానా? వినిపించాను కదా. వేరేవాళ్ల గిటార్ పెట్టానా? నీదే. అది కూడా నువ్వు బాగా వాయించిన రోజుది. ప్రతి సాయంత్రం జనానికి నీ మంచి రోజే దొరుకుతోంది. ఇందులో నీకు నష్టమేంటో చెప్పు." తడిసిన బిస్కెట్ ముక్క కింది పెదవికి అంటుకుంది. నాలుకతో లోపలికి లాక్కున్నాడు. "ఇంకో సంగతి చెప్పనా? నా పాటల్లో సగం కూడా అంతే. పై స్వరాలు ఇప్పుడు అందవు. పదేళ్ల క్రితం రికార్డు చేసి పెట్టుకున్నవి. నీకు తెలిసిందా ఇన్నాళ్లూ?"

తెలియలేదు. ఆయన పక్కనే నిలబడి, ఆ గొంతు విని, ఈ వయసులో కూడా ఎంత సాధన చేస్తున్నాడోనని ఆమె ఎన్నిసార్లు అనుకుందో! తన పిల్లలకు పాఠాల్లో ఆయన పేరే చెప్పింది. బల్ల మీద చాయ్ మరకలు, వాటి చుట్టూ ఈగలు, ఆయన వేళ్లకు అంటిన తడి బిస్కెట్ పొడి. అన్నీ ఒక్కసారే కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడ్డాయి.

"తప్పు పోతే పోనివ్వండి సార్. తెగితే తెగనివ్వండి. నేను వాయిస్తుంటే నేను వాయించిందే వినబడాలి. లేకపోతే నేను రాను."

ఆయన చాయ్ కప్పు పక్కకు జరిపాడు. "సరే. పద్దెనిమిదో తారీఖున రియల్ ఎస్టేట్ వాళ్ల కార్యక్రమం ఉంది. నీ పేరు వేసేశాం. ఆ రోజు నీ గిటార్ లైవ్‌లోనే పోతుంది. సాయన్నకు నీ ఎదురుగానే చెప్తా. సరేనా?"

ఫోను తీసి ఆమె వింటుండగానే సాయన్నకు చెప్పాడు. ఆమె నమ్మింది.

పద్దెనిమిదో తారీఖు సాయంత్రం ఆరింటికి అదే నాంపల్లి హాలు. ఆ సంస్థ వాళ్లు ప్లాట్లు కొన్నవాళ్లందరినీ కుటుంబాలతో సహా పిలిచారు. స్టేజి మీద కొత్త వెంచర్ బొమ్మ, దాని ముందు పొగ వదిలే యంత్రాలు. శ్రీనిధి గంట ముందు వచ్చింది, చానెల్ వెతుక్కుంది, సెల్స్ రెండుసార్లు చూసుకుంది. సాయన్న సౌండు బల్ల మీద ఆమె గిటార్ చానెల్ మీటను పైకి తోసి చూపించాడు. ఆమె ఒక స్వరం వాయిస్తే ఖాళీ హాల్లో గట్టిగా మోగింది. చెవుల్లో స్పీకర్లు లేకుండా, చాలా నెలల తర్వాత తన గిటార్ హాలు గోడలకు తగిలి తిరిగి రావడం విన్నది. ఆ స్వరం కాస్త బరకగా ఉంది. అయినా ఆమెకు సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది. సాయన్న మాత్రం ఆమె కళ్లలోకి చూడలేదు.

నాలుగో పాట వచ్చింది. ఆమె మెట్లు దిగి, కుడి చెవిలోది పీకేసి సోలో మొదలుపెట్టింది. మొదటి వరస వాయించాక అనుమానం వచ్చింది. చేతులకు చెమట పట్టి ఒక స్వరం సరిగ్గా పలకలేదు. హాల్లో మాత్రం అది తేనెలా పలికింది. రెండో వరసలో స్వరం పైకి ఎక్కాలి. ఆమె కావాలని కిందికి దిగింది. హాల్లో గిటార్ పైకి ఎక్కింది.

ఆమె తిరిగి సౌండు బల్ల వైపు చూసింది. సాయన్న లాప్‌టాప్‌లోకి తల దూర్చుకుని కూర్చున్నాడు. స్టేజి మీద ప్రసన్నకుమార్ ఆమెను చూసి చిరునవ్వుతో తలాడించాడు, బాగా వాయిస్తున్నావన్నట్టు.

శ్రీనిధి రెండు చేతులూ గిటార్ మీంచి తీసేసింది. పట్టీ తలమీంచి తీసి, గిటార్‌ను నడిచే దారిలో తివాచీ మీద పడుకోబెట్టింది. రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని నిలబడింది. జనం చూడాలని, తెలుసుకోవాలని, ఎవరైనా లేచి ఇదేంటని అడగాలని.

గిటార్ నేల మీద పడి ఉంది. హాల్లో సోలో సాగుతోంది.

రెండు మూడు క్షణాలు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఎక్కడో ఒక ఈల వినబడింది. ఇంకొకటి. ఫోన్లు పైకి లేచాయి. ఒకావిడ తన పిల్లాణ్ని ఎత్తుకుని "చూడు నాన్నా, దానంతటదే మోగుతోంది!" అని చూపించింది. చప్పట్లు మొదలయ్యాయి. ఆమె పదకొండేళ్లలో విన్న చప్పట్లన్నిటికన్నా గట్టిగా. ప్రసన్నకుమార్ ఒక్క క్షణం తడబడ్డాడేమో, వెంటనే మైకు అందుకున్నాడు.

"చూశారా! వైరూ లేదు, చేయీ లేదు! ఇదండీ టెక్నాలజీ అంటే! మన శ్రీనిధి గారికి గట్టిగా!"

హాలు దద్దరిల్లింది. ఆమె "ఇది రికార్డింగ్! నేను వాయించడం లేదు!" అని అరిచింది. పక్కనున్న నలుగురికి వినబడి ఉంటుంది. వాళ్లు నవ్వుతూ ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఒకతను గిటార్ పక్కన గొంతుక్కూర్చుని సెల్ఫీ తీసుకున్నాడు.

గిటార్ తీసుకుని ఆమె పక్కద్వారం గుండా బయటికి వెళుతుంటే వసారాలో ఇద్దరు ఆపారు. "మేడమ్, రిమోట్ ఎక్కడ పెట్టుకున్నరు? జర చూపియ్యరా?" అని ఒకడు ఆమె నడుము దగ్గర డబ్బా వైపు చేయి చాచాడు. ఆమె ఆ చేతిని విసిరికొట్టింది. వాడు "ఏందక్కా, గంత కోపమా" అని నవ్వాడు.

ఆఖరి పాట అయ్యాక ప్రసన్నకుమార్ మేకప్ గదిలోకి వచ్చాడు. కోపంగా వస్తాడనుకుని, ఆమె అక్కడ గొడవకు సిద్ధపడి కూర్చుంది. కోపమైనా వస్తే మనిషి అనుకునేదాన్నని తర్వాత ఒకసారి నాన్నతో అంది. ఆయన రెండు చేతులూ చాచి వచ్చాడు.

"ఏం చేశావమ్మా! అద్భుతం! ముందే చెప్పుంటే గిటార్ మీదికి ఒక లైటు వేయించేవాణ్ని కదా! ఆ సంస్థ చైర్మన్ అడుగుతున్నాడు, వచ్చే నెల వాళ్ల ఇంట్లో ఫంక్షన్‌కు ఈ ఐటం కావాలని."

"నాకు కక్కొస్తోంది సార్."

"ఏసీ పడలేదా? కాస్త సోడా తాగు."

ఆమె నడుముకున్న డబ్బా తీసి అద్దం ముందున్న బల్ల మీద పెట్టింది. "ఆ రికార్డింగ్ తీసేయండి. ఇక నేను రాను. నా గిటార్ కూడా మీ దగ్గర మోగకూడదు."

"తీసేస్తాలే" అన్నాడాయన. ఆ తర్వాత ఆమె ఆయన్ను చూడలేదు.

వీడియో మాత్రం వారం రోజులు ఫోన్ల నిండా తిరిగింది. గన్‌ఫౌండ్రీ స్కూల్లో టీచర్లు చూపించారు, కూరగాయల బండి దగ్గర ఒకావిడ గుర్తుపట్టింది. అందరికీ ఆమె ఒకటే చెప్పింది, అది మోసమని. "అయితే ఏంటండీ, బాగుంది కదా" అన్నారు చాలామంది. కొందరు అసూయతో అంటోందనుకున్నారు, ఎవరి మీద అసూయో వాళ్లకే తెలియాలి. సాయన్న రెండుసార్లు ఫోను చేశాడు. ఆమె ఎత్తలేదు. మూడోసారి వాయిస్ మెసేజ్ పెట్టాడు. "మేడమ్, చానెల్ బంద్ వెట్టమని సార్ పాట ముంగట నా పక్కకు మనిషిని నిలవెట్టిండు. నేను గట్టిగ ఉండాల్సింది. ఉండలే." ఆమె అది ఒకసారి విని ఊరుకుంది.

ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం పొద్దున హైందవి పాఠానికి వచ్చింది. ఇరవై ఏళ్ల పిల్ల, డిగ్రీ చివరి సంవత్సరం. మూడేళ్లుగా శ్రీనిధి దగ్గర నేర్చుకుంటోంది. వేళ్లలో పట్టుంది, ఓపిక తక్కువ. రెండు వారాలుగా రాలేదు. వచ్చి కూర్చుని, గిటార్ సంచి తెరవకుండా ఫోను తీసింది.

"అక్కా, మీరు కోప్పడనంటే ఒకటి చెప్తా. నేను ప్రసన్నకుమార్ సార్ ఆర్కెస్ట్రాలో చేరాను. రెండు షోలు అయ్యాయి."

హైందవి ఫోను ముందుకు జరిపింది. స్టేజి మీద పొగలో హైందవి తిరుగుతోంది. తళతళలాడే జాకెట్టు, నడుముకు అదే డబ్బా. మోగుతున్నది శ్రీనిధి సోలో. తిలక్ రోడ్డు మేడ మీద, చొక్కా వీపుకు అతుక్కునే ఉక్కలో, ఒక మధ్యాహ్నం తను వాయించింది.

"హైందవీ, అది నువ్వు వాయిస్తున్నది కాదు. నీకు తెలుసా? నీ చానెల్ మూసేస్తారు."

"తెలుసక్కా" అంది హైందవి తేలిగ్గా. "సార్ మొదటి రోజే చెప్పారు. నాకే హాయి, టెన్షన్ లేదు. డబ్బాలో సెల్స్ కూడా వేయను, బరువెందుకని."

బయట లేన్‌లో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతున్నారు. శ్రీనిధి లేచి కిటికీ మూసి వచ్చి కూర్చుంది.

"మరి నా దగ్గరికి ఎందుకొచ్చావు?"

"ఆ సోలో నేర్పిస్తారేమోనని. అంటే వాయించడానికి కాదక్కా. ఏ స్వరానికి చేయి ఎక్కడుండాలో చూపిస్తే చాలు. వీడియో దగ్గరగా తీస్తే తేడా తెలిసిపోతోంది, కింద కామెంట్లలో రాస్తున్నారు. ఒక్క రెండు క్లాసులు."

శ్రీనిధి ఆ పిల్ల వేళ్ల వైపు చూసింది. మూడేళ్లు తను పట్టుకుని దిద్దిన వేళ్లు. వేళ్ల కొసల మీద తీగలు కోసిన గట్టి చర్మం ఇంకా ఉంది. ఆ చర్మం గట్టిపడేదాకా ఈ పిల్ల ఏడ్చిన రోజులు ఆమెకు గుర్తే. ప్రసన్నకుమార్ మీద, సాయన్న మీద, ఆ హాల్లో చప్పట్లు కొట్టినవాళ్ల మీద రానంత అసహ్యం అప్పుడు వచ్చింది. అందులో కొంత తన మీద కూడా. మూడో వరస దగ్గర నిలబడి, చచ్చిన గిటార్ మీద చేయి ఆడించి, దండం పెట్టి చప్పట్లు పుచ్చుకున్నది తనే కదా.

"లే" అంది.

"అక్కా?"

"లేచి వెళ్లు హైందవీ. ఇక రావద్దు."

హైందవి మొహం ఎర్రబడింది. "నేనేం తప్పు చేశానక్కా? అందరూ చేసేదే కదా. మీరూ ఏడు నెలలు చేశారు."

"చేశాను" అంది శ్రీనిధి. తెలియక చేశానని చెప్పబోయి, ఆ ఒక్క సాయంత్రం తెలిసే చేసిందని గుర్తొచ్చి ఆగిపోయింది. "అందుకే వెళ్లమంటున్నాను."

ఆ పిల్ల గిటార్ భుజాన వేసుకుని, చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగి ఒకసారి చూసి వెళ్లిపోయింది. మెట్ల మీద ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ దిగడం వినబడింది.

నాన్న లోపలి గదిలోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అంతా విన్నాడు. "ఆ పిల్ల మళ్లీ వస్తే?" అన్నాడు.

"రాదు."

"వస్తే?"

పదింటికి రావాల్సిన తర్వాతి విద్యార్థి, బ్యాంకులో క్యాషియర్‌గా చేసే ఒక నడివయసు మనిషి, అప్పటికే మెట్లెక్కి వస్తున్నాడు. ఆయనకు వేళ్లు తిరగవు. ఏడాది నుంచి ఒక్క పాట కూడా పూర్తిగా వాయించలేకపోయాడు. ఆమె చాప సర్దింది, కిటికీ తెరిచింది. ఆయన కూర్చుని, గిటార్ ఒళ్లో పెట్టుకుని, మొదటి తీగ మీటాడు. శ్రుతి తప్పి ఉంది.

"ఇంకోసారి" అంది శ్రీనిధి.